చేలల్లో పడే ఆ డబ్బా గురించి విద్యాశాఖ మంత్రి గారికి

మంత్రి గారికి నమస్కారం. కుషాయిగూడలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను సార్. మాకు దగ్గర్లోనే ఈసీఐఎల్ కంపెనీ పక్కన టీఐఎఫ్ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది, చలికాలంలో ఒక్కోసారి తెల్లారకముందే పెద్ద తెల్ల బెలూన్ లేస్తది, దాని పాలిథిన్ మన పాల ప్యాకెట్ కన్నా పల్చన, అయినా కింద వేలాడే పరికరాల్ని 30, 40 కిలోమీటర్ల ఎత్తుకి మోస్తది. పని అయ్యాక ఆ పరికరాల డబ్బా పారాచూట్‌తో ఎక్కడో చేలల్లో దిగుతది.

నా చిన్నప్పుడు తాండూరు దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊర్లో కంది చేలో పారాచూట్‌తో ఒక డబ్బా పడింది. బాంబేమోనని పొద్దంతా ఎవరూ దగ్గరికి పోలే, సాయంత్రం మా మామ గొడ్డలితో మూత లేపిండు, లోపల థర్మాకోల్, మధ్యలో వెండి రంగు పెట్టె, బోలెడు వైర్లు. వైర్లు మేం పిల్లలం పంచుకున్నం. మర్నాడు జీపులో వచ్చినోళ్లు మమ్మల్ని ఒక్క మాట కూడా అనలే సార్, ఒకాయన మట్టిలో కూర్చుని ముక్కలు ఏరుకుంటా ఉన్నడు. ఆయన మొహం నాకింకా గుర్తుంది.

అట్లాంటి డబ్బాల్లో ఏముంటదో మాకు ఎవరూ చెప్పలే. కొన్నిట్లో కాస్మిక్ కిరణాల్ని పట్టే డిటెక్టర్లు ఉంటయి. 1912లో విక్టర్ హెస్ బెలూన్ ఎక్కి 5 కిలోమీటర్లు దాటి పోయి, పైకి పోయేకొద్దీ రేడియేషన్ పెరుగుతోందని చూసిండు, అవే కాస్మిక్ కిరణాలు. అంతరిక్షం నుంచి వచ్చే కణం గాలికి తగలగానే ముక్కలై జల్లులాగ కురుస్తది. ఊటీలో గ్రేప్స్-3 అనే ప్రయోగంలో నేల మీది డిటెక్టర్లు పట్టేది ఆ జల్లునే, కానీ మొదట వచ్చింది ప్రోటానా, ఇనుము కేంద్రకమా అని జల్లుని చూసి తేల్చడం చాలా కష్టం, అందుకే గాలి దాదాపు అయిపోయే ఎత్తుకి డిటెక్టర్‌ని పంపి కణాన్ని నేరుగా పట్టాలి. అదీ తేలిక కాదు, శక్తి పది రెట్లు పెరిగితే వచ్చే కణాలు సుమారు 50వ వంతుకి పడిపోతాయి, గంటలు గంటలు తిరిగితే నాలుగు దొరుకుతాయేమో. అంటార్కిటికాలో క్రీమ్ అనే డిటెక్టర్ని బెలూన్‌తో మొదటిసారే 42 రోజులు తిప్పారు. మన హైదరాబాద్‌కి ఇంకో లాభం ఉంది, భూమి అయస్కాంత మధ్యరేఖకి దగ్గర కాబట్టి తక్కువ శక్తి కణాల్ని ఆ అయస్కాంతమే పక్కకి తిప్పేస్తది, మనకి కావాల్సిన ఎక్కువ శక్తి కణాలే మిగుల్తయి.

కొంత డేటా రేడియోలో కిందికి వస్తది నిజమే, కానీ అన్నీ రావు. 2005 ఏప్రిల్‌లో ఇక్కణ్ణుంచే ఎగిరిన ఇస్రో బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలి శాంపిళ్లు గొట్టాల్లో పట్టుకొచ్చింది, వాటిలోనే మూడు కొత్త బ్యాక్టీరియా దొరికాయి. ఆ గొట్టాల మీద ఎవరైనా గొడ్డలి వేసుంటే?

పేపర్లో ముట్టుకోవద్దని, పోలీసులకి చెప్పమని ప్రకటన వస్తది, కాదనను. అది మా మామ లాంటోళ్ల దాకా పోదు, బడి పిల్లలు ఇంటికి మోసుకుపోతే పోతది. వికారాబాద్, సంగారెడ్డి వైపు సర్కారు బడుల్లో ఏటా బెలూన్ల సీజన్ ముందు ఒక్క పీరియడ్ దీనికి ఇప్పించండి సార్, డబ్బా అసలు ఫొటోతో తెలుగులో పోస్టర్ పెట్టించండి. డబ్బాని చెక్కుచెదరకుండా కాపాడిన ఊరుంటే, ఆ బడి పిల్లల్ని బస్సులో ఈసీఐఎల్ తీసుకొచ్చి, వాళ్ల చేలో పడ్డ డబ్బా ఏం పట్టుకొచ్చిందో వాళ్లకే ముందు చూపించమని అడగండి.

ఇట్లు,
కుషాయిగూడ నుంచి ఒక ఫిజిక్స్ టీచర్