2024-25 వార్షిక నివేదిక: బి4 వేసిన ఏడాది

మన చెస్ క్లబ్ సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో నివేదిక చదవాలని బైలాలో ఉంది కాబట్టి రాస్తున్నాను, లేకపోతే ఈపాటికి బోర్డులు పరిచేసేవాళ్లం.

ముందు జనవరి మ్యాచ్ సంగతి. పక్క ఊరి జట్టు రెండేళ్లుగా మనల్ని ఓడిస్తోంది, ఎందుకంటే మనకి తెల్లపావులు వస్తే ఇ4 (అక్షరం, అంకె కలిపితే గడి పేరు; ఇది రాజు ముందు బంటు రెండు గళ్లు), తర్వాత ఇటాలియన్ అనే ఓపెనింగ్, అంటే మొదటి ఎత్తుల వరస, అని వాళ్లకి కంఠతా వచ్చేసింది. ఈసారి తెల్లపావులు వచ్చే ముగ్గురూ మొదటి ఎత్తే బి4, అంటే క్వీన్ వైపు గుర్రం ముందున్న బంటు రెండు గళ్లు, వేయాలని సెప్టెంబరులోనే నేను ప్రతిపాదించాను (మినిట్స్‌లో ఉంది, చూసుకోవచ్చు). 1924లో న్యూయార్క్ టోర్నమెంటు మధ్యలో టార్టకోవర్ అనే పెద్ద ఆటగాడు జూకి వెళ్లి సూసన్ అనే ఒరాంగుటాన్‌ని చూసొచ్చాక మరోట్సీ అనే మరో ఆటగాడి మీద ఇదే వేశాడు, దీన్ని ఒరాంగుటాన్ ఓపెనింగ్ అనేది అందుకే. ఆ ఆట ఆయన ఓడిపోయాడని మాత్రం మ్యాచ్ అయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు.

మూడో బోర్డులో మన ఎనిమిదో తరగతి పిల్లాడు బి4 వేయగానే అవతలాయన కళ్లజోడు తుడుచుకుని "చెయ్యి జారిందా బాబూ?" అన్నారు. ఆయన ఇ5, మనవాడు బిషప్ బి2, ఆయన ఎఫ్6. మనవాడు ఇ4 వేసి బి4 బంటుని వదిలేశాడు, ఆయన బిషప్‌తో తినేశారు. అప్పుడు బిషప్ సి4. ఆయన తాపీగా గుర్రాన్ని సి6కి తెచ్చారు, అంతే, బిషప్ వెళ్లి జి8 గుర్రాన్ని కొట్టింది, రూక్‌తో తిరిగి కొట్టారు, క్వీన్ హెచ్5 చెక్, అడ్డంగా జి6, హెచ్7 బంటు పోయింది, పక్కనే రూక్ క్వీన్ నోట్లో ఉంది. ఆ టెన్షన్‌లో ఆయన రూక్‌ని చూడనే లేదు. ఒకటో బోర్డులో మాత్రం అవతలివాళ్లు సరిగ్గా ఆడారు: బి4 బంటు తిన్నారు, మనం ఇ5 బంటు తిన్నాం, వాళ్లు గుర్రం ఎఫ్6, చివరికి డ్రా. మొత్తం మూడున్నర, రెండున్నర. మనదే.

హాలు తాళం ఇచ్చిన లైబ్రేరియన్ గారికి, ఆదివారం ఆదివారం టీ పంపిన కోశాధికారి గారి ఇంట్లోవాళ్లకి, రెండు బోర్డులు విరాళమిచ్చి పేరు వద్దన్న పెద్దాయనకి ధన్యవాదాలు. ప్రాక్టీసుకి వస్తామని పదకొండు మంది పేర్లు ఇచ్చారు, వచ్చింది నలుగురం. పిల్లల పోటీకి గ్రౌండు అడుగుతూ ఒక ఆఫీసుకి నాలుగుసార్లు వెళ్లాను, ప్రతిసారీ సారు క్యాంపులో ఉన్నారన్నారు. చివరికి పోటీ మా మేడ మీద పెట్టాం, గాలికి బంట్లు ఎగిరిపోయాయి.

లెక్కలు నోటీసు బోర్డు మీద ఉన్నాయి, చందా బాకీలు కూడా అక్కడే ఉన్నాయి, నిలబడి చదవండి.

వచ్చే జనవరికి వాళ్లు బి4 చదువుకునే వస్తారు, కాబట్టి ఇంకోటి వెతకాలి. నా దృష్టిలో నల్లపావులకి ఎ6 ఉంది, 1980లో టోనీ మైల్స్ ప్రపంచ ఛాంపియన్ కార్పోవ్ మీద ఆడి గెలిచింది. ఆదివారం నాలుగింటికి మొదలుపెడదాం. గడియారాలకి బ్యాటరీలు ఎవరైనా తెండి, నేను ఇప్పటికి మూడుసార్లు తెచ్చాను.

కార్యదర్శి