దామెర్ల బొమ్మల ముందు మా నాన్నగారికి కుర్చీ వేసిన వారికి

పోయిన వారం రాజమండ్రిలో గోదావరి గట్టున ఉన్న చిత్రకారుడు దామెర్ల రామారావుగారి ఆర్ట్ గ్యాలరీకి మా నాన్నగారిని తీసుకెళ్ళాను. ఆయన తణుకు చుట్టుపక్కల బళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా డ్రాయింగ్ మాస్టారు. పాత పత్రికల్లో వచ్చిన దామెర్ల బొమ్మలు కత్తిరించి, నోటుబుక్కులో అంటించి పిల్లలకు చూపించేవారు. అసలు బొమ్మలు మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు 79 ఏళ్ళు. రెండు నిమిషాలు కూడా నిలబడలేరు. దారి పొడుగునా నాకదే టెన్షన్.

లోపలికి వెళ్ళగానే అక్కడి ఉద్యోగి ఒకాయన, ‘కూర్చుని చూడండి మాస్టారూ’ అంటూ తన కుర్చీ తెచ్చి బొమ్మ ముందు వేశారు. నాన్నగారు లేచినప్పుడల్లా దాన్ని పక్క బొమ్మ ముందుకి జరిపారు. ఎన్నిసార్లో! ఒక్కసారీ విసుక్కోలేదు. ‘సిద్ధార్థ రాగోదయం’ ముందు నాన్నగారు అరగంట కూర్చున్నారు. చూపుడువేలు గాలిలో ఆ గీతలు దిద్దుతోంది. భుజం వంపు దగ్గర ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ దిద్దుతోంది. బళ్ళో మాకూ అంతే, కాగితం ముట్టుకోకముందు గాలిలో గీయించేవారు.

కంటి ఆపరేషన్ తర్వాత ఆయనకు చిన్న అక్షరాలు ఆనవు. ఒక కాలేజీ అమ్మాయి పక్కనే నేలమీద కూర్చుని బొమ్మల పేర్లు చదివి వినిపించింది. రామారావుగారు 1897లో పుట్టి, 1925లో మశూచితో పోయారనీ, 28 ఏళ్ళు కూడా నిండలేదనీ నాన్నగారు చెబితే ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహం, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదువు, భార్య సత్యవాణిగారు, తోబుట్టువు బుచ్చికృష్ణమ్మగారు కూడా బొమ్మలు వేయడం, అన్నీ అడిగి చెప్పించుకుంది. స్నేహితుడు పోయాక వరదా వెంకటరత్నంగారు ఆ బొమ్మల్ని కాపాడుకు రాకపోతే మేం చూడ్డానికి ఏం మిగిలేది? ఆయనకూ మనసులోనే దండం పెట్టుకున్నాను.

కుర్చీ వేసిన అన్నగారూ, బయట గంటన్నర ఆగి వెయిటింగ్ డబ్బులు వద్దన్న ఆటో తమ్ముడూ, మీ మేలు మరచిపోలేం.

అమ్మా, నీ పేరు అడగడం మరిచిపోయాం. ఇది చూస్తే ఒక్క మాట రాయి. నాన్నగారు తన కుంచెల పెట్టె అటకమీంచి దింపించి, తుడిచి, నీకోసం పక్కన పెట్టారు.