బొబ్బ వచ్చిందని బూటు వదులు చేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

జూన్ 3న మీ జిల్లా పేజీలో వంకర పాదాలతో పుట్టే పిల్లల గురించి వచ్చిన వార్త చదివాను. ఈ వైద్యం కనిపెట్టిన పాన్సెట్టి అనే డాక్టరు పుట్టినరోజని, అందుకే ఆ రోజు రాశామని చెప్పారు. వారం వారం వేసే పిండికట్ల గురించి, మడమ దగ్గర వేసే చిన్న కోత గురించి, పెద్ద ఆపరేషన్ అక్కర్లేదనే సంగతి గురించి బాగా రాశారు. చివర్లో మాత్రం "ఆ తర్వాత ప్రత్యేకమైన బూట్లు వాడాల్సి ఉంటుంది" అని ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు. ఆ ఒక్క వాక్యంలో నాలుగేళ్ళు ఉన్నాయండీ. మా ఇంట్లో అందులో రెండేళ్ళు గడిచాయి, ఇంకా రెండేళ్ళు ఉన్నాయి, అందుకే ఈ ఉత్తరం.

మాది కావలి. నేను ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా వాడు పుట్టినప్పుడు రెండు పాదాలూ లోపలికి తిరిగిపోయి, అరికాళ్ళు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. గ్రహణం రోజు కత్తెర పట్టుకున్నావు, అందుకే ఇలా అయిందని మా వాళ్ళన్నారు. కత్తెర పట్టుకోకపోతే మా ఇల్లు గడవదు, అయినా ఆ మాట నేనూ నమ్మి చాలా రాత్రులు ఏడ్చాను. వెయ్యి కాన్పుల్లో ఇంచుమించు ఒకరికి ఇలా ఉంటుందని, ఆడపిల్లల కంటే మగపిల్లల్లో రెట్టింపని, గ్రహణానికీ కత్తెరకీ దీనికీ ఏ సంబంధమూ లేదని డాక్టరు గారు చెప్పాక గాని మనసు కుదుటపడలేదు. ఈ ఉత్తరం చదివే తల్లి ఎవరైనా అలాంటి మాటలు పడుతుంటే ఇది గట్టిగా నమ్మండి, మీ తప్పేమీ లేదు.

పన్నెండో రోజున మొదటి కట్టు వేశారు, మొత్తం ఆరు కట్లు. తర్వాత మడమ వెనక తాడులా ఉండే స్నాయువు మీద చిన్న కోత వేసి మూడు వారాలు ఆఖరి కట్టు ఉంచారు. అది విప్పిన రోజు నా బిడ్డ పాదాలు చూసి, అందరి పిల్లల పాదాల్లాగే ఉన్నాయే అని అక్కడే కూర్చుండిపోయాను. కష్టం తీరిపోయిందనుకున్నాను. అదే రోజు బూట్లు ఇచ్చారు. వేళ్ళ దగ్గర తెరిచి ఉండే రెండు తోలు బూట్లు, భుజాల వెడల్పున్న రాడ్డు ఒకటి రెంటినీ కలుపుతుంది, పాదాలు బయటి వైపుకు బాగా తిరిగి ఉంటాయి. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు వేయాలి, ఆ తర్వాత నాలుగేళ్ళు వచ్చేదాకా రాత్రి నిద్రలోనూ పగలు పడుకున్నప్పుడూ వేయాలి అన్నారు. ఎలా వేయాలో ఒక్కసారి, అదీ నిలబడే చూపించారు. బయట ఇంకో ముప్పై మంది వరసలో ఉన్నారు, వాళ్ళ తొందర వాళ్ళది. నేను తలూపి వచ్చేశాను.

ఐదో రోజు సాయంత్రం స్నానానికి విప్పితే కుడి మడమ వెనక శనగగింజంత నీటిబొబ్బ లేచి ఉంది. కొత్త చెప్పు కరిస్తే మనం ఏం చేస్తాం? వదులు చేస్తాం, లేదంటే నాలుగు రోజులు దాన్ని పక్కన పడేస్తాం. నేను రెండూ చేశాను. ముందు పట్టీ ఒక రంధ్రం వదులు చేశాను, తెల్లారేసరికి బొబ్బ రెండింతలై పగిలింది. మా అత్త కొబ్బరినూనె రాసింది, నేను పౌడర్ వేశాను, చంటిబిడ్డకు ఈ బాధేంటి అని మూడు రోజులు బూట్లే వేయలేదు. నాలుగో రోజు వేద్దామంటే మడమ బూటులోకి దిగనే లేదు, పాదం అప్పటికే మళ్ళీ లోపలికి తిరగడం మొదలుపెట్టింది. పరిగెత్తుకుంటూ వెళ్తే పుండు మానేదాకా, పాదం చక్కబడేదాకా అని మళ్ళీ రెండు వారాలు పిండికట్టు వేశారు. పుట్టినప్పటి కంటే ఆ రోజే ఎక్కువ ఏడ్చాను, ఎందుకంటే ఈసారి చేసింది నేనే.

బొబ్బ ఎందుకు వస్తుందో ఆ రెండోసారి గాని నాకు తెలియలేదు. బూట్లు బిగించే అతను ఓపికగా కూర్చోబెట్టి చెప్పాడు. బూటు బిగుతై రాలేదమ్మా, వదులై వచ్చింది అన్నాడు. పట్టీ గట్టిగా లేకపోతే బిడ్డ కాలు తన్నిన ప్రతిసారీ మడమ పైకి లేచి కిందికి జారుతుంది, రోజంతా వేలసార్లు తోలుకు రాసుకుంటుంది, అందుకే సరిగ్గా మడమ వెనకే లేస్తుంది. నేను వదులు చేసిన ఆ ఒక్క రంధ్రం రాపిడిని ఇంకా పెంచింది. నూనె, క్రీము రాస్తే చర్మం మెత్తబడి ఇంకా తొందరగా ఊడుతుంది కాబట్టి ఎర్రబడిన చోట ఏమీ రాయకూడదు. ఈ మాట మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే మా వాడికి ఆ రెండు వారాల కట్టు తప్పేది.

ఎలా వేయాలో నాకు చూపించినట్టే ఇక్కడ రాస్తాను. ఎక్కువ వంకర ఉన్న కాలు ముందు వేయాలి. మోకాలు వంచి పట్టుకుంటే మడమ తేలిగ్గా దిగుతుంది. బూటు నాలుక సర్ది, మడమను కిందికి నొక్కి పట్టి, ముందుగా మధ్య పట్టీ బిగించాలి. మడమను ఆపేది ఆ పట్టీయే, లేసులు తోడు మాత్రమే, కాబట్టి లేసుల మీద బలం చూపించి వేళ్ళు నల్లబడేలా చేయొద్దు. పట్టీ పెట్టాక పిక్క పట్టుకుని పైకీ కిందికీ మెల్లగా లాగి చూడాలి. వేళ్ళు ముందుకూ వెనక్కూ కదిలాయంటే మడమ దిగలేదన్నమాట, విప్పి మళ్ళీ వేయాలి. అతను ఇంకో పని చేశాడు. మడమ పూర్తిగా దిగినప్పుడు వేళ్ళు ఎక్కడికి వస్తాయో చూసి బూటు లోపల అడుగున పెన్నుతో గీత గీశాడు. ఆ గీత దగ్గరో, గీత దాటో వేళ్ళుంటే సరిగ్గా ఉన్నట్టు, గీతకు వెనక ఉంటే లేనట్టు. ఆ గీత వల్లే మా అత్త కూడా నేర్చుకుంది. ఆవిడకు చదువు రాదు, ఇప్పుడు నాకంటే బాగా వేస్తుంది.

సాక్స్ సంగతి మాత్రం నా అంతట నేను కనిపెట్టాను, రోజంతా కుట్లతోనే కదా నా పని. మానిన పుండు పక్కన ఒక సన్నటి అడ్డగీత పడుతుంటే ఇదేంటా అని సాక్స్ తిరగేసి చూశాను. మడమ దగ్గర కుట్టు లోపలి వైపు దారంలా ఉబ్బి ఉంది. అంత లేత చర్మానికి అది చాలదూ! అప్పటినుంచి తిరగేసి, కుట్టు బయటికి వచ్చేలా వేస్తున్నాను. నూలు సాక్సే వాడాలి, ముడతలు పడకూడదు, పెద్దయ్యాక పనికొస్తాయని పెద్ద సైజు కొంటే ముడతలే బొబ్బలవుతాయి. వేళ్ళు లోపలికి ముడుచుకున్నాయేమో తెలియడానికి మొదట్లో సాక్స్ ముందు భాగం కత్తిరించేయమన్నారు, నేను కత్తిరించి అంచు పోకుండా చుట్టూ సన్నగా కుట్టాను.

ఇంకొకటి మన ఎండ. మా వాడికి 23 గంటల నెలలు సరిగ్గా వేసవిలో పడ్డాయి, రోహిణి కార్తెలో కరెంటు పోతే పెద్దవాళ్ళమే తడిసి ముద్దవుతాం, తోలు బూటులో బిడ్డ పాదం ఎలా ఉంటుందో చూడండి. తడి చర్మం తొందరగా లేచిపోతుంది. 23 గంటలు అన్నారని చెమట పట్టిన సాక్స్ అలాగే ఉంచేసేదాన్ని. మార్చడానికి రెండు నిమిషాలు విప్పితే తప్పులేదని, పాదం మెత్తటి గుడ్డతో అద్ది పూర్తిగా ఆరాక పొడి సాక్స్ వేసి వెంటనే బూటు వేయమని డాక్టరు గారు చెప్పారు. నేను ఆరు జతలు పెట్టుకున్నాను.

విప్పిన ప్రతిసారీ మడమ వెనక, పాదం పైన పట్టీ ఆనే చోట చూడాలి. కాసేపటికి పోయే ఎరుపుతో భయం లేదు. పోకుండా నిలిచిపోయే మచ్చ అయితే జాగ్రత్తపడాలి. మన పిల్లల్లో కొందరికి ఎరుపు ఎర్రగా కనపడదు, చుట్టూ ఉన్న రంగు కంటే ముదురుగా, తాకితే వేడిగా ఉంటుంది. బొబ్బ లేస్తే పిన్నుతో పొడవొద్దు, అదే రోజు చూపించండి, మనకు తోచిన పౌడర్లు చల్లొద్దు. చీము, వాసన, జ్వరం ఉంటే ఒక్క పూట కూడా ఆగకూడదు. మా వాడికి ఏడో నెలలో ఇంకోసారి చిన్న బొబ్బ వచ్చింది, కాలు పెరిగి బూటు చిన్నదైంది, వేళ్ళు అంచు దాటి కిందికి వంగుతున్నాయి. అదే రోజు వెళ్ళాం. బొబ్బ మీద డ్రెస్సింగ్ పెట్టి, పెద్ద సైజు బూట్లిచ్చి, పట్టీ సరిచేసి పంపారు, నాలుగు రోజుల్లో మానిపోయింది. బూట్లు ఎన్ని గంటలు ఆపాలో, అసలు ఆపాలో లేదో వాళ్ళే చెప్పాలి, మనం మన జాలితో నిర్ణయించుకోకూడదు.

జాలి నాకు తెలియనిది కాదు. మొదటి రెండు మూడు రాత్రులు బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే విప్పేయాలనే అనిపిస్తుంది, పక్కింటి వాళ్ళు కూడా తలుపు కొట్టి అదే చెప్తారు. ఆ ఏడుపులో ఎక్కువ భాగం నొప్పి కాదట, ఒక కాలు విడిగా తన్నలేక వచ్చే కోపమట. ఒంటి కాలు తన్నబోతేనే మడమ పైకి లేస్తుంది కూడా. అందుకని రాడ్డు మధ్యలో పట్టుకుని రెండు మోకాళ్ళూ కలిపి వంచుతూ చాపుతూ ఆడించాలి, వారం తిరిగేసరికి రెండు కాళ్ళూ కలిపి తన్నడం వాడే నేర్చుకున్నాడు. రాడ్డుకు పాత దుప్పటి ముక్క చుట్టి కుట్టాను, లేకపోతే వాడికీ తగులుతుంది, ఎత్తుకున్న మనకీ తగులుతుంది. ఏడ్చినా ముందు పాదం చూడండి, వేళ్ళ రంగు చూడండి, అన్నీ బాగుంటే ఎత్తుకుని తిప్పండి, విప్పకండి.

ఈ ఉత్తరం రాయడానికి మీ వార్త ఒక కారణమైతే, పోయిన నెల జాకెట్ కొలతలకు వచ్చిన ఒక అమ్మాయి ఇంకో కారణం. చంకలో మూడు నెలల పాప, కాళ్ళకు అవే బూట్లు, ఎడమ బూటులో మడమ సగం బయటికి వచ్చేసి ఉంది. పట్టీ చూస్తే ఆఖరి రంధ్రంలో వేలాడుతోంది. "ఏమ్మా, ఇంత వదులుగా పెట్టావు?" అని అడిగితే "బొబ్బ వచ్చిందక్కా, బిగుతైందేమోనని..." అంది. రెండేళ్ళ కిందటి నన్ను చూసినట్టే అనిపించింది. కొలతలు పక్కన పెట్టి, పాపను నా ఒళ్ళో పడుకోబెట్టుకుని వేసి చూపించాను, తర్వాత ఆ అమ్మాయి చేత మూడుసార్లు వేయించాను. మూడోసారికి మడమ దిగింది. మర్నాడే ఆసుపత్రికి పంపాను.

పాదం మళ్ళీ తిరగబడటానికి అన్నిటికంటే పెద్ద కారణం బూట్లు సరిగ్గా వాడకపోవడమేనని డాక్టర్లందరూ చెప్తారు. తల్లిదండ్రులు నిర్లక్ష్యం చేశారని కాగితం మీద రాసేస్తారు కూడా. అది నిర్లక్ష్యం కాదండీ. పుండు చూసి భయపడి విప్పేస్తున్నారు, ఆ పుండు ఎందుకొచ్చిందో వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. ఉచితంగా వైద్యం చేస్తున్నారు, బూట్లిస్తున్నారు, అందుకు చేతులెత్తి దండం పెడతాను. బూట్లిచ్చే రోజు తల్లి చేత ఆమె చేతులతోనే మూడుసార్లు వేయించి, మడమ దిగిందో లేదో చూసి పంపమని మాత్రం అడుగుతున్నాను. పది నిమిషాల పని.

రెండోది ఆశా కార్యకర్తల గురించి. కాన్పయ్యాక 42 రోజుల దాకా వాళ్ళు ఇంటికి వచ్చి బిడ్డను చూస్తారు, ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలలప్పుడు వస్తారు. పుట్టగానే కట్లు మొదలుపెట్టిన పిల్లలకు లెక్కేసి చూడండి, బూట్లు పడేది దాదాపు మూడో నెలలోనే, అంటే బొబ్బ వచ్చే వారమూ ఆశా అక్క గుమ్మంలోకి వచ్చే వారమూ ఇంచుమించు ఒకటే. మా ఇంటికి వచ్చిన ఆవిడ చాలా మంచిది, బరువు చూసింది, టీకాల కార్డు చూసింది, బూట్లు చూసి "పాపం" అని వెళ్ళిపోయింది, ఎందుకంటే ఆమెకూ ఎవరూ చెప్పలేదు. పిక్క లాగి వేళ్ళు కదులుతున్నాయా, వేళ్ళు గీత దగ్గర ఉన్నాయా, మడమ వెనక మచ్చ ఉందా అని ఈ మూడు చూడటం జిల్లాలో ప్రతి ఆశా కార్యకర్తకూ ఒక్క మీటింగులో నేర్పొచ్చు. పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలను కనిపెట్టే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో వంకర పాదం కూడా ఉంది, కనిపెట్టి పెద్దాసుపత్రికి పంపుతున్నారు, బూట్లు వేసుకున్నాక కూడా ఆ పిల్లల పేర్లు ఆ పుస్తకంలోనే ఉండాలి. కొత్త సైజు బూట్లకూ, ఒక పట్టీ తెగినందుకూ ప్రతిసారీ ఒక రోజు కూలి పోగొట్టుకుని నెల్లూరు దాకా వెళ్ళలేక మానేసే వాళ్ళున్నారు. ఉదయగిరి, వింజమూరు వైపు వాళ్ళకు ఇంకా కష్టం.

మూడోది మీకే. వచ్చే జూన్ దాకా ఆగకుండా, బూటు వేసే పద్ధతి బొమ్మలతో ఒక పావు పేజీ వేయండి. కత్తిరించి గోడకు అంటించుకునేంత పెద్దగా, చదువురాని జేజి కూడా చూసి వేయగలిగేలా ఉండాలి. బొమ్మలు గీసేవాళ్ళకు చూడటానికి కావాలంటే మా వాడి మొదటి జత బూట్లు, పెన్ను గీతతో సహా, ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
ఒక తల్లి, కావలి