పులిహోర కలపనని పారిపోయినవాడి థాంక్స్ పోస్ట్

రెండు నెలలుగా దాచుకున్న సంగతి ఇవాళ చెప్పేస్తున్నా, నాకు గజ్జి పట్టింది. అవును, గజ్జే. వియన్నాలో మాస్టర్స్ చదువుతూ ముగ్గురం ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నాం, పగలంతా బానే ఉంటుంది, రాత్రి దుప్పటి కప్పుకోగానే మొదలు, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుం చుట్టూ, తెల్లారేదాకా గోకుడే గోకుడు. దగ్గర్లో ఒక డాక్టర్‌కి చూపిస్తే ఎలర్జీ అని టాబ్లెట్లు రాశాడు, వాటికి నిద్ర వచ్చింది గానీ దురద పోలేదు. ఫోన్లో అమ్మేమో "రక్తం చెడింది నాన్నా, వేపాకు నీళ్లు పోసుకో" అంటుంది, ఇక్కడ వేపచెట్టు ఎక్కడ తెచ్చేది!

ఉగాది రోజు ఇక్కడి తెలుగువాళ్లందరం కలిసినప్పుడు అక్క నన్ను పిలిచి పులిహోర కలపరా అంది. నేను చేతులు వెనక్కి పెట్టుకుని, పనుందక్కా అని తప్పించుకున్నా. తను ఇక్కడి మెడికల్ యూనివర్సిటీ స్కిన్ డిపార్ట్‌మెంట్‌లోనే రీసెర్చ్ చేస్తుంది కదా, అనుమానం వచ్చేసింది. పక్కకి తీసుకెళ్లి రెండే ప్రశ్నలు, "రాత్రిళ్లు ఎక్కువుంటుందా? రూమ్మేట్స్ కూడా గోక్కుంటున్నారా?" అంతే, రిఫరల్ కాగితం సంగతి తనే చూసి, నాకు జర్మన్ సరిగ్గా రాదని ఆ సోమవారం తన డిపార్ట్‌మెంట్‌కి తనే వెంట వచ్చింది. అక్కడ డాక్టర్ భూతద్దం లాంటిది వేలి సందులో పెట్టి నన్నూ చూడమన్నాడు, సన్నగా వంకరటింకర గీత, దాని చివర గోధుమరంగులో బుల్లి త్రికోణం. అదే గజ్జి పురుగు. ఒళ్లు జలదరించింది.

సిగ్గుతో తల దించుకుని బయటికొస్తుంటే అక్క నవ్వి, "ఒరేయ్, ఈ డిపార్ట్‌మెంట్ పుట్టిందే నీ జబ్బు మీద" అని మొదలుపెట్టింది. 1784లో కట్టిన ఇక్కడి పాత పెద్దాసుపత్రిలో చర్మ రోగులకి విడిగా డిపార్ట్‌మెంటే లేదంట, ఊపిరితిత్తుల జబ్బులు చూసే స్కోడా అనే ప్రొఫెసర్ విభాగానికి తోకలా తగిలించి ఉంచారంట, అందులో ఎక్కువమంది గజ్జి వాళ్లే. 1841లో డాక్టర్ పట్టా తీసుకున్న ఫెర్డినాండ్ హెబ్రా అనే కుర్రాడికి ఆ పని అప్పజెప్పారు. అప్పటికి అక్కడి డాక్టర్లు కూడా మా అమ్మ మాటే అనేవాళ్లు, ఒంట్లో చెడు బయటికి తన్నుకొస్తుందని! పురుగుని అంతకుముందే చూసినవాళ్లున్నారు, 1834లో పారిస్‌లో ఒక స్టూడెంట్ సూదితో తీసి మరీ చూపించాడు, అయినా జబ్బుకి కారణం అదేనని గట్టిగా నమ్మింది తక్కువమంది. హెబ్రా ఏం చేశాడంటే ఆ పురుగుల్ని తన ఒంటికే అంటించుకున్నాడు. గజ్జి వచ్చింది. పురుగుని చంపితే పోయింది. 1844లో అదే రాసి పడేశాడు. నేను ఫుల్ హాండ్స్ చొక్కాలో దాచుకున్నదాన్ని ఆయన కోరి తెచ్చుకున్నాడు చూడండి.

1849లో ఆ చర్మరోగుల విభాగం సొంత డిపార్ట్‌మెంట్ అయింది, హెబ్రాయే దాని పెద్ద. చేతులు కడుక్కోండి మొర్రో అని తోటి డాక్టర్లకి మొత్తుకున్న డాక్టర్ సెమ్మెల్‌వైస్ ఈయన స్నేహితుడే, ఆ సంగతి 1847లో మొదట పత్రికలో రాసింది కూడా హెబ్రానే. తర్వాత అల్లుడు కపోసి వచ్చాడు, అసలు పేరు మోరిట్జ్ కోన్, మన ఇంటిపేర్లు ఊళ్ల మీద వచ్చినట్టు హంగేరీలో తను పుట్టిన ఊరు కపోష్వార్ మీద పేరు మార్చుకున్నాడు. ఎయిడ్స్ రోజుల్లో అందరికీ తెలిసిన కపోసి సార్కోమా అనే కాన్సర్ గురించి మొదట 1872లో రాసింది ఈయనే. హెబ్రా దగ్గర చదువుకుని వెళ్లిన బోస్టన్ డాక్టర్ జేమ్స్ వైట్ 1871లో హార్వర్డ్‌లో అమెరికాకే మొదటి చర్మవ్యాధుల ప్రొఫెసర్ అయ్యాడు. వందేళ్ల తర్వాత, సోరియాసిస్‌కి సోరలెన్ మందిచ్చి యూవీ లైటు కింద నిలబెట్టే వైద్యం మీద బోస్టన్ వాళ్లూ ఆస్ట్రియా వాళ్లూ ఇద్దరూ పనిచేశారు. ఆ సోరలెన్ జాతి పదార్థమే మన బావంచాల్లోనూ ఉంటుంది, బొల్లికి మనవాళ్లు వాడే గింజలు. ఇది విన్నాక అమ్మ కాస్త శాంతించింది.

మందు పెర్మెత్రిన్ క్రీమ్, మెడ నుంచి అరికాళ్ల దాకా రాత్రంతా ఉంచి పొద్దున్నే స్నానం, వారం తర్వాత మళ్లీ. ముగ్గురం ఒకే రాత్రి రాసుకోవాలి, ఒక్కడు మానేసినా మళ్లీ మొదటికే. నా రూమ్మేట్లు ఒక్క మాట అనలేదు, పైగా దుప్పట్లూ బట్టలూ అన్నీ 60 డిగ్రీల వేడినీళ్ల వాషింగ్‌లో వాళ్లే వేశారు, ఒకడి స్వెటర్ చంటిపిల్లాడి సైజుకొచ్చింది, సారీ రా, కొత్తది కొనిస్తా. మందయ్యాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుందని అక్క ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే రోజూ ఆ క్రీమ్ పూసుకుంటూ కూర్చునేవాణ్ణి.

అక్కా, చాలా చాలా థాంక్స్. రూమ్మేట్స్‌కి, ఇంట్లోంచి అదనపు పరుపు దుప్పట్లు తెచ్చిచ్చిన శ్రీకాకుళం అన్నకి, విసుక్కోకుండా చూసిన ఆ డాక్టర్ గారికీ కూడా. ఎవరికైనా ఇలాంటి దురదుంటే దాచుకోకుండా చూపించుకోండి, మీ ఇంట్లో వాళ్లతో సహా.

ఈ ఆదివారం అందరూ మా ఫ్లాట్‌కి రండి. పులిహోర నేనే కలుపుతా, గరిటె లేకుండా, చేత్తోనే.