కుక్కల శిక్షకులకు ఏ అర్హతా అక్కర్లేదా?

సంపాదకులకు నమస్కారం.

కుక్క పిల్లలను పుట్టించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలని 2017లో, పెంపుడు జంతువుల దుకాణాలు కూడా నమోదు కావాలని 2018లో కేంద్రం నియమాలు తెచ్చింది. ఆ కుక్కకు ఆ తర్వాత నెలల తరబడి శిక్షణ ఇచ్చే మనిషి ఏం చదివాడో, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో, చేతిలో ఏం పట్టుకొని నేర్పుతాడో అడిగే నిబంధన మాత్రం వాటిలో లేదు. చోక్ చెయిన్ (లాగితే మెడకు బిగుసుకునే గొలుసు) ఒకటి కొనుక్కొని, ఫోన్ నంబరుతో బోర్డు రాయించుకున్నవారెవరైనా ఈరోజు డాగ్ ట్రైనరే.

నేను ఆరేళ్లుగా సికింద్రాబాద్‌లో ఈ వృత్తిలో ఉన్నాను. అయితే దీన్ని మొదట చూసింది కుక్కను పెంచుకున్న ఇల్లాలిగానే. మా వీధిలో దొరికిన నాటు కుక్క పిల్ల ఎనిమిది నెలలకు బాగా బలిసి, బయటికి తీసుకెళ్తే మనిషిని ఈడ్చుకుపోయేది. తెలిసినవారు చెప్పిన ఒక శిక్షకుడిని పిలిపించాం. అది ముందుకు లాగిన ప్రతిసారీ ఆయన, దాని ముందుకాళ్లు నేల విడిచేంత గట్టిగా గొలుసు పైకి గుంజేవాడు. గుర్రుమంటే మూతి మీద కొట్టేవాడు. అదేమిటని అడిగితే "దండం దశగుణం భవేత్ అన్నారు కదమ్మా" అనేవాడు. నాలుగో రోజుకు అది లాగడం మానేసింది. ఆయన గేటు తీసిన చప్పుడు వింటే చాలు, మంచం కిందికి దూరి అక్కడే మూత్రం పోసుకునేది. మేము దాన్ని క్రమశిక్షణ అనుకొని ఆయనకు రెండో నెల డబ్బు ముందే చెల్లించాం. ఆ నెల చివర్లో మా మామగారు దాని బెల్టు పట్టుకోవడానికి వంగితే, గుర్రుమనకుండా, పళ్లు చూపకుండా ఒక్కసారిగా చెయ్యి కరిచింది. తొమ్మిది కుట్లు పడ్డాయి. గుర్రుమనడం దాని హెచ్చరిక అని, దాన్ని కొట్టి మాన్పించింది మేమేనని నాకు అర్థం కావడానికి ఇంకో ఏడాది పట్టింది. అలా తయారైన కుక్కే అపార్ట్‌మెంట్ లిఫ్టులో పక్కింటి పిల్లల పక్కన నిలబడుతుంది కాబట్టి ఈ సంగతి మీ పత్రిక ద్వారా నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

కొట్టకుండా నేర్పే పద్ధతి నిన్నమొన్న వచ్చిన ముద్దుముచ్చట అని చాలామంది అనుకుంటారు. మేలు కలిగించిన పనిని జంతువు మళ్లీ మళ్లీ చేస్తుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త థార్న్‌డైక్ 1898లోనే పిల్లులపై పరీక్షించి రాశారు. తర్వాత స్కిన్నర్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త దాన్ని శాస్త్రంగా విస్తరిస్తే, ఆయన శిష్యులైన బ్రేలాండ్ దంపతులు 1940లలోనే ఆ పద్ధతిలో జంతువులకు నేర్పడం జీవనోపాధి చేసుకున్నారు. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, దండనతో నేర్చుకున్నవాటిలోనే ఒత్తిడి లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. అమెరికాలో జంతు ప్రవర్తనపై పనిచేసే పశువైద్యుల సంఘం ఆ మరుసటి ఏడాది, అన్ని కుక్కలకూ, కరిచే కుక్కలకు సైతం, బహుమతితో నేర్పే పద్ధతినే వాడాలని ప్రకటించింది.

బిస్కెట్ చూపించి పని చేయించుకోవడమే ఈ పద్ధతి అనుకుంటే అది కూడా పొరపాటే. నడుముకు కట్టుకున్న సంచిలో ఉడికించిన చికెన్ లివర్ గోరంత ముక్కలుగా పెట్టుకుంటాం. తాడు వదులైన క్షణాన క్లిక్కర్ (నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం) నొక్కి, ముక్క మన కాలి పక్కన అందిస్తాం. ఒక్క క్షణం ఆలస్యమైతే కూర్చున్నందుకు ఇవ్వవలసింది లేచినందుకు ఇచ్చినట్టవుతుంది. నాకు నేర్పినావిడ మొదటి మూడు నెలలు తాడు ముట్టుకోనివ్వలేదు. కుక్క పెదవి నాకిందా, అలసట లేకుండానే ఆవులించిందా, కంటి తెల్లభాగం కనబడిందా, బరువు వెనక కాళ్ల మీదికి వేసిందా అని, కుక్క బెదురును తెలిపే గుర్తులను నోటు పుస్తకంలో రాయించేది. ఈ వృత్తిలోకి వస్తామని నన్ను అడిగే యువతీయువకులకు నేనూ ముందుగా పుస్తకమే చేతికిస్తున్నాను. కుక్కలంటే ప్రేమ ఉన్నవారు చాలామందే వస్తారు; అంత ఓపికగా చూడగలిగేవారు తక్కువ. పైగా పని సగం కుక్కతో కాదు, ఇంట్లో తాతగారికీ, పనిమనిషికీ, పదేళ్ల పిల్లవాడికీ ఒకే తీరు నేర్పడంతో.

నా విన్నపం రెండు తెలుగు ప్రభుత్వాలకూ. రాజేంద్రనగర్, తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయాలు కుక్కల ప్రవర్తన, శిక్షణలపై సర్టిఫికెట్ కోర్సు ప్రారంభించాలి. అందులో తరగతి పాఠం కంటే కుక్కలతో గడిపే గంటలు ఎక్కువ ఉండాలి. అమెరికాలో ఈ వృత్తికి పరీక్ష నిర్వహించే ఒక సంస్థ కనీసం 300 గంటలు శిక్షణ ఇచ్చిన అనుభవం ఉంటేనే కూర్చోనిస్తుంది. శిక్షకులను స్థానిక సంస్థల వద్ద నమోదు చేయాలి. ఏ పద్ధతి, ఏ పరికరాలు వాడతారో యజమానికి రాతపూర్వకంగా తెలపడం తప్పనిసరి చేయాలి. జంతువును కొట్టడం 1960 నాటి చట్టం ప్రకారం నేరమే అయినా, మొదటిసారికి అందులో పెట్టిన జరిమానా గరిష్ఠంగా 50 రూపాయలు. దాన్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్న శిక్షకుడిని నేనింతవరకు చూడలేదు.

అన్నిటికన్నా ముందు, కుక్కను నెలరోజులు తమ వద్దే ఉంచుకొని నేర్పి పంపుతామనే కేంద్రాలను తనిఖీ చేయాలని కోరుతున్నాను. యజమాని ఏ రోజైనా, ముందుగా చెప్పకుండానే వెళ్లి, తన కుక్కకు పాఠం ఎలా చెబుతున్నారో చూసే హక్కు ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సికింద్రాబాద్.