కరెంటు పోతే మూగబోయే మీ ల్యాండ్‌లైన్ గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. కింద మందుల షాపు, పైన ఇల్లు, రెండింటికీ మీ ఫైబర్ ఫోనే. తీసుకుని ఎనిమిది నెలలైంది. ఇది మా పాత ల్యాండ్‌లైన్‌లాగే పనిచేస్తుందా అని మీ సేల్స్ కుర్రాణ్ణి అడిగాను. "సేమ్ టు సేమ్ అండి, ఇంకా క్లియర్‌గా ఉంటుంది" అన్నాడు. ఆ మాట నమ్మి ఇరవై ఏళ్ల నాటి రాగి తీగ కనెక్షన్ సరెండర్ చేశాను.

సేమ్ కాదండీ. పాత ఫోన్‌కి ఎక్స్ఛేంజ్ బ్యాటరీల నుంచి 48 వోల్టులు అదే తీగలో వచ్చేవి, వీధంతా చీకటైనా మోగేది. మీ ఫోన్ గోడకున్న ఫైబర్ డబ్బాకి కరెంటు ఉండి, దాని లైట్లు వెలిగితేనే పనిచేస్తుంది. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. పోయిన నెల గాలివానకి రాత్రి కరెంటు పోయింది, నేను సరుకు కోసం బరంపురం వెళ్లి ఉన్నాను, ఇంట్లో మా అమ్మకి (డెబ్బై ఆరేళ్లు, షుగరు, గుండె జబ్బు రెండూ ఉన్నాయి) ఆయాసం మొదలైంది, సెల్ వాడటం రాదు, మంచం పక్కనున్న ఆ ఫోన్ ఎత్తితే చప్పుడే లేదు. పక్కింటివాళ్లు వచ్చి చూసేదాకా చీకట్లో ఒక్కతే కూర్చుంది. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు గానీ నాకు ఇప్పటికీ టెన్షనే. 2018లో తిత్లీ తుపాను చూసిన ప్రాంతం ఇది, కరెంటు పోవడం మాకు కొత్త కాదు.

ఇక షాపు. పాతపట్నం, మెళియాపుట్టి వైపు నుంచి పెద్దవాళ్లు ఫోన్ చేసి మందుల పేర్లు చదివి చెబుతారు. సాయంత్రమైతే వాళ్ల మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది, నా మాట వాళ్లకి అసలు వినపడదు. మందు పేరులో ఒక్క అక్షరం మారితే ఎంత ప్రమాదం! అందుకే నాలుగుసార్లు అడుగుతాను, వాళ్లు విసిగి పెట్టేస్తున్నారు. మీ టెక్నీషియన్ మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ స్పీడ్ టెస్ట్ పెట్టి బాగానే ఉందని వెళ్లిపోయాడు. ఒక కాల్‌కి సెకనుకి 100 కిలోబిట్లు చాలు, నేను స్పీడ్ గురించి అడగలేదు. మాట చిన్న ప్యాకెట్లుగా, మామూలుగా సెకనుకి 50 చొప్పున వెళ్తుంది, అవి ఆగి ఆగి వచ్చినా, కొన్ని దారిలో పోయినా మాట తెగుతుంది. సీసీ కెమెరాల అప్‌లోడ్ ఆపి చూస్తే కాల్ శుభ్రంగా ఉంది, ఇది నేనే కనిపెట్టాను. రౌటర్‌లో వాయిస్‌ని ముందు పంపే సెట్టింగ్ పెడితే సరిపోవచ్చు, కానీ దాని పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంది.

మీ కాల్ సెంటర్‌లో తెలుగు లేదు. నాకు ఒడియా వచ్చు, అమ్మకి రాదు.

వారం లోపల ఆ సెట్టింగ్ చేయండి, డబ్బాకి బ్యాటరీ బ్యాకప్ మీ ఖర్చుతో పెట్టండి, ఎందుకంటే తప్పు చెప్పి అమ్మింది మీరు. కొత్తగా తీసుకునేవాళ్లకి కరెంటు సంగతి ముందే, వాళ్ల భాషలో చెప్పండి. లేకపోతే ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) 2012 నిబంధనల ప్రకారం నా మూడు డాకెట్ (ఫిర్యాదు) నంబర్లతో మీ అప్పిలేట్ అథారిటీకి అప్పీలుకి వెళ్తాను. మనిషిని పంపేముందు షాపు నంబర్‌కి కాకుండా నా సెల్‌కి చేయండి.

ఇట్లు,
మందుల షాపు యజమాని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా