లైనక్స్ వేయించుకుని వెళ్లిన వాళ్లకి: నెట్ రాకపోవడం నా పొరపాటే

కావలిలో మా షాపులో ఈమధ్య పాత కంప్యూటర్లకు లైనక్స్ మింట్ (విండోస్ బదులు వేసుకునే ఉచిత సిస్టమ్) వేయించుకున్న వాళ్లందరికీ ఈ మాట. ఇంటికి తీసుకెళ్లాక నెట్ రావడం లేదని నలుగురు తిరిగొచ్చారు. మిషన్ పాతదనో, మీ ఇంట్లో సిగ్నల్ లేదనో చెప్పి పంపేయొచ్చు, కానీ అది నిజం కాదు. నేను చూడాల్సింది చూడకుండా ఇచ్చేశాను.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, అది లేని పాత లాప్‌టాప్‌లు పారేసుకోవద్దు, లైనక్స్ వేసుకోండి అని చెప్పింది నేనే. ఇప్పుడు అడిగినా అదే చెప్తాను.

తేడా ఎక్కడ వచ్చిందంటే, షాపులో నేను ప్రతి మిషన్‌కీ కేబుల్ పెట్టే ఇన్‌స్టాల్ చేస్తాను. కేబుల్‌తో నెట్ వచ్చేస్తుంది, ఒక వీడియో ఆడించి చూపించి ఇచ్చేస్తాను. వైఫై ఉందో లేదో తెలిసేది మీ ఇంట్లోనే. బిట్రగుంట నుంచి వచ్చిన డిగ్రీ కుర్రాడు లాప్‌టాప్ తెరిచి, "అన్నా, సెట్టింగుల్లో వైఫై అనే మాటే లేదన్నా" అన్నాడు. చూస్తే నిజంగానే లేదు. దాంట్లో ఉన్న వైఫై చిప్‌కి లైనక్స్‌తో పాటు డ్రైవర్ (ఆ చిప్‌ని నడిపే చిన్న ప్రోగ్రామ్) దానంతటది పడదు, డ్రైవర్ మేనేజర్‌లోకి వెళ్లి మనమే ఎంచుకుని వేయాలి. అది దిగాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే అది కావాలి! అతని ఫోన్‌నే యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇవ్వడం) ఆన్ చేస్తే లైనక్స్ దాన్ని వైర్ కనెక్షన్ లాగా తీసుకుంది, డ్రైవర్ దిగింది. అయినా వైఫై రాలేదు. ఇక్కడ నాకూ గంట పోయింది.

కారణం సెక్యూర్ బూట్, అంటే గుర్తింపు లేని ప్రోగ్రామ్‌లని ఆపే కంప్యూటర్ కాపలా. డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్ చేయగానే నీలం స్క్రీన్ వచ్చి పది సెకన్లు లెక్కపెడుతుంది. ఆలోపు ఏదో ఒక కీ నొక్కి, 'ఎన్‌రోల్ మోక్' (డ్రైవర్‌కి మనం అనుమతి ఇచ్చే చోటు) అన్నదాంట్లోకి వెళ్లి ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. మేం టీ తాగుతూ ఉన్నాం, స్క్రీన్ వచ్చి వెళ్లిపోయింది, డ్రైవర్ డిస్క్‌లో ఉన్నా సిస్టమ్ దాన్ని లోపలికి రానివ్వలేదు. రెండోసారి కళ్లు తిప్పకుండా కూర్చుని చేశాం, వైఫై గుర్తు కింద మూలలో కనిపించింది. ఆ కుర్రాడి మొహం చూస్తే నాకు టెన్షన్ దిగింది.

ఇంకొకరి డెస్క్‌టాప్‌ది పూర్తిగా నా చేతి తప్పు. షాపు నెట్‌వర్క్ కోసం ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో మిషన్‌కి ఉండే నంబర్) 192.168.1.50 అని చేత్తో కొట్టి, తీయకుండా పంపేశాను. వాళ్లింట్లో రౌటర్ 192.168.0.1 మీద, అంటే వేరే నంబర్ల వరుసలో ఉంది, ఇంక ఎట్లా కలుస్తుంది? వైర్డ్ సెట్టింగుల్లో ఐపీవీ4 దగ్గర మాన్యువల్ తీసి ఆటోమేటిక్ పెట్టగానే వచ్చేసింది. ఆయన దానికోసం రెండుసార్లు బస్సెక్కి వచ్చారు, ఆ చార్జీ నేనిచ్చాను. మిగతా ఇద్దరిదీ డ్రైవర్ సమస్యే, అయిపోయింది.

ఇకమీదట డిస్క్ చెరపకముందే పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ నడిపి, కేబుల్ తీసేసి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి మీ ముందరే కలిపి చూస్తాను. వైఫై కనపడకపోతే అప్పుడే చెప్తాను, వేయాలో వద్దో మీరే చెప్పండి.

ఇప్పటికే తీసుకెళ్లి నెట్ రాక ఊరుకున్న వాళ్లుంటే దయచేసి తీసుకురండి, డబ్బులు వద్దు. చార్జర్, ఫోన్, దాని కేబుల్ తెచ్చుకోండి. కొన్ని కేబుళ్లు చార్జింగ్‌కి తప్ప డేటాకి పనికిరావు, ఫోన్‌తో వచ్చిన కేబుల్ అయితే మంచిది. ఆదివారం మధ్యాహ్నం దాకా కూడా షాపులోనే ఉంటాను.